మూడు చక్రాల కారు: షాఫ్టు, స్ప్రాకెట్, చైను పనిపై పాఠకుల ప్రశ్నలు

ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, సీట్ల వెనక బైక్ ఇంజను. ఇంట్లోనో కాలేజీ వర్క్‌షాపులోనో కట్టుకునే మూడు చక్రాల కారుకి ఎక్కువమంది ఎంచుకునే అమరిక ఇదే. ఛాసిస్ పైపు వెల్డింగ్ దాకా సాఫీగానే సాగుతుంది. ఇంజను నుంచి చక్రానికి శక్తి చేర్చే దగ్గరే పని ఆగిపోతుంది. ఎందుకంటే అక్కడ బజారులో దొరికే భాగం ఉండదు, లేత్ దగ్గరికి వెళ్ళి చేయించుకోవాల్సిందే.

జవాబుల్లో లెక్కలన్నీ ఒకే బండికి చెబుతున్నాం. ఇంజను టార్క్ 20 న్యూటన్ మీటర్లు, ప్రైమరీ తగ్గింపు 3.0, మొదటి గేరు 2.8. అంటే గేర్‌బాక్స్ బయటి షాఫ్టు మీద 168 న్యూటన్ మీటర్లు. అక్కడ 14 పళ్ళ స్ప్రాకెట్ (చైను ఎక్కే పళ్ళ చక్రం), మధ్యలో జాక్ షాఫ్ట్ (ఇంజనుకీ చక్రానికీ మధ్య శక్తిని అందించే అదనపు షాఫ్టు) మీద 14, 14 పళ్ళవి రెండు, చక్రం మీద 42. చైను 520 (బైకు చైను సైజు నంబరు). ఇద్దరు మనుషులతో కలిపి బరువు 480 కిలోలు. వెనక టైరు 145/80 ఆర్12. మీ ఇంజను వేరైతే అంకెలు మార్చుకోండి, పద్ధతి మారదు.

ప్రశ్న: జాక్ షాఫ్ట్ రెండుసార్లు విరిగింది. మొదటిది ఎమ్మెస్ (మెత్తని మామూలు ఉక్కు) రాడ్డు, రెండోది ఈఎన్8 (అంతకన్నా గట్టి ఉక్కు). రెండూ 25 మి.మీ. బేరింగ్ ముఖం నుంచి స్ప్రాకెట్ మధ్యకి 55 మి.మీ. దూరం ఉంది. ఈసారి ఇంకా బలమైన ఈఎన్24 ఉక్కు వేస్తే ఆగుతుందని లేత్ టర్నర్ గారంటున్నారు. నిజమేనా? (ఇంజినీరింగ్ విద్యార్థులు, కాకినాడ)

ఈఎన్24 వేస్తే మరికొన్ని రోజులు ఎక్కువ నడుస్తుంది, ఆ తర్వాత అదే చోట విరుగుతుంది. తప్పు ఉక్కులో లేదు, ఆ 55 మి.మీ.లో ఉంది.

లెక్క చూడండి. 520 చైనుకి 14 పళ్ళ స్ప్రాకెట్ పిచ్ వ్యాసం (చైను రోలర్ల మధ్యలు నడిచే వృత్తం వ్యాసం) 71.34 మి.మీ. 168 న్యూటన్ మీటర్లని 35.67 మి.మీ. వ్యాసార్ధంతో భాగిస్తే చైను లాగే బలం 4,710 న్యూటన్లు, అంటే సుమారు 480 కిలోల బరువు. మీ కారంత బరువు ఆ షాఫ్టు కొసకి వేలాడుతోంది. 55 మి.మీ. దూరంలో అది 259 న్యూటన్ మీటర్ల వంపు బలం అవుతుంది. షాఫ్టుని మెలిపెట్టే బలం కన్నా వంచే బలమే ఒకటిన్నర రెట్లు ఎక్కువన్నమాట. 25 మి.మీ. షాఫ్టులో ఆ వంపు వల్ల కలిగే ఒత్తిడి 169 మెగాపాస్కల్స్. క్లచ్ ఒక్కసారిగా వదిలితే రెట్టింపు. కీ వే (స్ప్రాకెట్ షాఫ్టు మీద జారకుండా పెట్టే కీ ముక్క కూర్చునే గాడి) మూల దగ్గర ఇంకో రెట్టింపు. పైగా చైను ఎప్పుడూ ఒకే దిక్కుకి లాగుతుంది, షాఫ్టేమో తిరుగుతూ ఉంటుంది. కాబట్టి షాఫ్టు చుట్టుకొలత మీద ప్రతి బిందువూ ఒక్కో తిరుగుడులో ఒకసారి సాగి ఒకసారి నొక్కుకుంటుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపుతామే, సరిగ్గా అదే జరుగుతోంది.

విరిగిన ముక్క ముఖాన్ని వెలుతురులో చూడండి. ఒక అంచు నుంచి నునుపుగా, అలల గీతల్లా వ్యాపించి, చివర్లో కొంత భాగం మాత్రం గరుకుగా ఉంటే అది అలసటతో వచ్చిన విరుగుడు. అలల గీతలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే కీ వే మూలో, షాఫ్టు సైజు మారే మెట్టు మూలో కనిపిస్తుంది.

ఇలా మార్చండి. షాఫ్టు 30 మి.మీ., బేరింగులు 6206 (లోపల 30, బయట 62 మి.మీ.), స్ప్రాకెట్ మధ్య నుంచి బేరింగ్‌కి దూరం 20 మి.మీ. అప్పుడు వంపు ఒత్తిడి 169 నుంచి 35.5కి పడిపోతుంది. దాదాపు అయిదో వంతు. ఇందులో 2.75 రెట్లు దూరం తగ్గించినందుకు, 1.73 రెట్లు వ్యాసం పెంచినందుకు. చోటుంటే స్ప్రాకెట్‌ని రెండు బేరింగుల మధ్యకే తెచ్చెయ్యండి, అది ఇంకా మేలు. ఇలా చేశాక ఈఎన్8 చాలు. ఇంకాస్త బలమైన ఈఎన్19 ఉక్కు వేస్తే నిశ్చింత. ఇంకో సంగతి: ఈఎన్8 అయినా ఈఎన్24 అయినా వంగే తీరు ఒకటే. ఖరీదైన ఉక్కు ఆలస్యంగా విరుగుతుందే తప్ప తక్కువ వంగదు. వంగితే చైను వంకరగా నడుస్తుంది.

టర్నర్‌కి ఇచ్చే బొమ్మలో ఈ మాటలు రాయండి. రెండు కొసలకీ సెంటర్ డ్రిల్ వేసి, సెంటర్ల మధ్యే తిప్పాలి. చక్‌లో ఒక వైపు తిప్పి, తీసి, తిరగేసి మళ్ళీ పట్టిస్తే రెండు బేరింగ్ చోట్లూ ఒకే గీతలో ఉండవు. డయల్ పెట్టి చూస్తే రనౌట్ (తిరిగేటప్పుడు షాఫ్టు ఊగే కొలత) 0.03 మి.మీ. దాటకూడదు. బేరింగ్‌కి, స్ప్రాకెట్‌కి మధ్య మెట్టు వద్దు, సర్క్లిప్ (స్ప్రింగు రింగు) గాడి అసలే వద్దు. 30 మి.మీ. నేరు షాఫ్టు మీద పైపు స్పేసర్లు తొడిగి, అన్నిటినీ బయటి కొస నట్టుతో బిగించండి. ఆ కొసలో వంపు బలం ఉండదు కాబట్టి అక్కడ మర, మెట్టు ఉన్నా నష్టం లేదు. ఎక్కడైనా మెట్టు తప్పనిసరైతే మూలలో రేడియస్ అడగండి. 6206 పక్కన అది 1 మి.మీ. మించితే బేరింగ్ మెట్టుకి ఆనదు. పదునైన మూలతో వదిలేస్తే పగులు అక్కడే పుడుతుంది.

ప్రశ్న: 30 మి.మీ. షాఫ్టుకి కీ ఎంత? (లేత్ ఆపరేటర్, విజయవాడ ఆటోనగర్)

22 దాటి 30 మి.మీ. దాకా 8×7 కీ. షాఫ్టులో లోతు 4.0, హబ్‌లో 3.3. షాఫ్టు 30 దాటి 38 దాకా ఉంటే 10×8 కీ, షాఫ్టులో 5.0, హబ్‌లో 3.3. పొడవు 30 మి.మీ. ఉంచండి. పైన చెప్పిన టార్క్‌కి కీ పక్క ముఖం మీద నొక్కుడు 124 మెగాపాస్కల్స్, క్లచ్ దెబ్బకి దాదాపు 250. ఎమ్మెస్ కీ ఆ దగ్గర్లోనే అణగడం మొదలవుతుంది. ఈఎన్8 ముక్కతోనే కీ చెయ్యండి. పక్కలు టైటుగా, పైన 0.3 మి.మీ. ఖాళీగా ఉండాలి. పైన టైటై పక్కలు వదులుంటే అటూ ఇటూ కొట్టుకుని కీ వేని గిన్నెలా చేసేస్తుంది.

ప్రశ్న: కొత్త బేరింగులు వేసిన గంటలోనే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. హౌసింగులు ఛాసిస్‌కి వెల్డింగ్ చేశాం. (ఔత్సాహికుడు, వరంగల్)

హౌసింగ్‌ని ఖచ్చితమైన సైజుకి బోర్ చేయించి తర్వాత వెల్డింగ్ చేశారు, అవునా? ఇదే మొదటి అనుమానం. వెల్డింగ్ చల్లారేటప్పుడు లోహాన్ని లాగుతుంది. 62 మి.మీ. గుండ్రటి బోరు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బేరింగ్ లోపల ఉండే ఖాళీయే కొన్ని మైక్రాన్లు. బయటి రింగు నొక్కుకుపోతే ఆ ఖాళీ పోతుంది, బంతులు తిరగడానికి బదులు రాసుకుంటాయి.

వరస తిరగెయ్యండి. హౌసింగ్ బోరులో 2 మి.మీ. మెటల్ వదిలి, రెండు హౌసింగులకీ ఒకే డమ్మీ షాఫ్టు దూర్చి ఎదురెదురుగా నిలబెట్టి, నాలుగు చోట్ల చుక్కలు పెట్టి, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా వెల్డింగ్ పూర్తిచెయ్యండి. పూర్తిగా చల్లారాక రెండింటినీ ఒకే సెట్టింగులో లైన్ బోరింగ్ చేయించాలి. ఆ సౌకర్యం దొరక్కపోతే హౌసింగ్‌ని వెల్డింగ్ చెయ్యకండి. 8 మి.మీ. ప్లేటుకి బోల్టులతో బిగించే ఫ్లాంజి హౌసింగ్ తిప్పించి, షాఫ్టు వేలితో తిప్పితే తిరిగేలా సర్ది, అప్పుడు బోల్టులు బిగించి, మళ్ళీ కదలకుండా రెండు డోవెల్ పిన్నులు కొట్టండి.

సైజులు: షాఫ్టు మీద బేరింగ్ చోటు 30.002 నుంచి 30.015. హౌసింగ్ 62.00 నుంచి 62.03. లోపలి రింగు టైటు, బయటి రింగు చేత్తో నెడితే దిగేంత. ఒక బేరింగ్‌నే రెండు వైపులా బంధించండి. రెండోదాన్ని హౌసింగ్‌లో పక్కకి జరిగేలా వదలండి. రెండింటినీ బంధిస్తే షాఫ్టు వేడికి సాగినప్పుడు రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

షాఫ్టు వదులైతే సెంటర్ పంచ్‌తో చుట్టూ దెబ్బలు కొట్టి టైటు చేసే అలవాటు చాలా చోట్ల ఉంది. దయచేసి మానండి. ఆ మొటిమలు పది రోజుల్లో అణిగిపోతాయి, దెబ్బ పడిన ప్రతి గుంటా పగులుకి పుట్టిల్లు. 0.05 మి.మీ. దాకా వదులైతే లాక్‌టైట్ 641 జిగురు పట్టు ఇస్తుంది. అంతకు మించితే షాఫ్టు మార్చండి. బేరింగ్‌ని 80 నుంచి 100 డిగ్రీల నూనెలో వేడిచేస్తే షాఫ్టు మీద తనంతట జారుతుంది. రెండు పక్కలా రబ్బరు సీలున్న బేరింగ్‌ని మాత్రం నూనెలో వెయ్యకండి, లోపలి గ్రీజు పోతుంది. దాన్ని లోపలి రింగుకి ఆనే పైపు ముక్కతో ప్రెస్ చెయ్యండి.

ప్రశ్న: 520 చైనుకి 42 పళ్ళ స్ప్రాకెట్ మా డ్రమ్ముకి సరిపోయేది దొరకడం లేదు. మిల్లింగ్ మెషీన్, డివైడింగ్ హెడ్ ఉన్నాయి. కొలతలు, పద్ధతి చెప్పండి. (పాలిటెక్నిక్ అధ్యాపకుడు, తణుకు)

ముందు చైనుని అర్థం చేసుకోవాలి. 520కి పిచ్ 15.875 మి.మీ., రోలర్ వ్యాసం 10.16, లోపలి వెడల్పు 6.35. పిచ్‌ని 180/42 డిగ్రీల సైన్‌తో భాగిస్తే పిచ్ వ్యాసం 212.43. అందులోంచి రోలర్ తీసేస్తే పంటి అడుగు వ్యాసం 202.27. బయటి వ్యాసం 221.3. పంటి మందం 5.8. పళ్ళు సరి సంఖ్య కాబట్టి ఎదురెదురు గుంటల్ని వెర్నియర్‌తో నేరుగా కొలిచి చూసుకోవచ్చు. అడుగు వ్యాసం 202.27 కన్నా 0.2 దాకా తగ్గినా ఫరవాలేదు, పెరగకూడదు. పెరిగితే చైను పళ్ళ మీదకెక్కి కూర్చుంటుంది, మొదటి రోజు నుంచే కిర్రుమంటుంది.

8 మి.మీ. ఈఎన్8 లేదా సీ45 ప్లేటు తీసుకోండి. మధ్య బోరు, బోల్టు రంధ్రాలు, రెండు ముఖాలు ఒకే సెట్టింగులో లేత్ మీద పూర్తిచెయ్యండి. తర్వాత మ్యాండ్రెల్ మీద డివైడింగ్ హెడ్‌కి ఎక్కించాలి. 40:1 హెడ్ (పిడి 40 చుట్లు తిప్పితే పని ముక్క ఒక చుట్టు తిరిగేది) అయితే ఒక్కో పంటికి 40/42, అంటే 21 రంధ్రాల వలయం మీద 20 రంధ్రాలు జరపాలి. 212.43 పిచ్ వృత్తం మీద 42 చోట్ల ముందు సెంటర్ డ్రిల్, తర్వాత 9.8 డ్రిల్, చివర 10.3 రీమర్. నేరుగా 10.3 డ్రిల్ వేస్తే రంధ్రం పక్కకి జారుతుంది, 42 రంధ్రాల్లో ఒకటి జారినా ఆ చోట చైను కొట్టుకుంటుంది.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేసే ఘట్టం. రంధ్రాలు పూర్తయ్యాక బయటి వ్యాసం 221.3కి తిప్పేస్తే స్ప్రాకెట్ అయిపోయిందనుకుంటారు. కాలేదు. రంధ్రం మధ్య దగ్గర 10.3 ఉన్న నోరు బయటి అంచు దగ్గరికి వచ్చేసరికి అయిదు మిల్లీమీటర్లకి మూసుకుపోతుంది. పన్ను కొక్కెంలా లోపలికి వంగి ఉంటుంది. 10.16 రోలర్ ఆ నోట్లో దిగదు, దిగినా బయటికి రాదు. అందుకని ప్రతి గుంటకీ రెండు పక్కలా సన్నటి ఎండ్ మిల్‌తో పంటి పక్కల్ని బయటివైపుకి వాల్చి, రోలర్ తేలిగ్గా దిగి లేచేలా నోరు తెరవాలి. అడుగున ఉన్న అర్ధవృత్తాన్ని మాత్రం ముట్టుకోకండి. చైను ముక్కని చుట్టూ చుట్టి, ఒక్కో లింకునీ ఎత్తి దింపి చూడండి. పట్టుకున్న చోట ఇంకాస్త తియ్యండి.

పళ్ళ భాగాన్ని 5.8కి తగ్గించి, రెండు పక్కలా అంచుకి 1.5 మి.మీ. వాలు ఇవ్వండి. వాలు లేకపోతే చైను పక్క ప్లేట్లు పంటి భుజాన్ని రాసుకుంటాయి.

లేజర్ కటింగ్ చేయిస్తామంటే ఇంత శ్రమ లేదు. పూర్తి పంటి బొమ్మ కంప్యూటర్‌లో గీసి ఇస్తే చాలు. కానీ లేజర్ కాల్చిన అంచు గట్టిపడుతుంది, దానికి డ్రిల్లులు, ట్యాపులు విరుగుతాయి. అందుచేత బోల్టు రంధ్రాలు లేజర్‌తో కొయ్యకుండా తర్వాత డ్రిల్ వేసుకోండి. మధ్య బోరు 2 మి.మీ. తక్కువగా కోయించి లేత్ మీద పూర్తిచెయ్యండి.

పళ్ళకి గట్టిదనం ఇండక్షన్ హార్డెనింగ్‌తో 45 నుంచి 50 హెచ్ఆర్‌సీ (గట్టిదనం కొలమానం) చాలు. గ్యాస్ మంటతో చేస్తే 850 డిగ్రీల దగ్గర, అంటే చెర్రీ ఎరుపు దాటి కాస్త వెలుగెక్కిన ఎరుపులో, నూనెలో ముంచండి. ఇంత సన్నటి ప్లేటుని నీళ్ళలో ముంచితే వంకర పోతుంది, పంటి మొదట్లో పగులుతుంది. వెంటనే 200 డిగ్రీల దగ్గర గంట సేపు టెంపర్ చెయ్యాలి, అంటే ఆ వేడిలో ఉంచి పెళుసుదనం తగ్గించాలి. రేపు చేద్దామని వదిలేస్తే రాత్రికే పగిలే అవకాశం ఉంది.

ప్రశ్న: గేర్‌బాక్స్ స్ప్లైన్ (చుట్టూ గాళ్ళున్న) షాఫ్టు మీది చిన్న స్ప్రాకెట్ 428 చైనుది. మాకు 520 కావాలి, పైగా 35 మి.మీ. బయటికి రావాలి. పాతదాని మీద కొత్తది వెల్డింగ్ చేయొచ్చా? (బైక్ మెకానిక్, కర్నూలు)

520కి మార్చడం వరకు సరే. 35 మి.మీ. బయటికి తేవడం వద్దు. మొదటి జవాబులో జాక్ షాఫ్ట్‌కి జరిగిందే ఇక్కడ గేర్‌బాక్స్ లోపల జరుగుతుంది. షాఫ్టు విరిగితే మార్చుకోవచ్చు, అల్యూమినియం కేసు పగిలితే ఇంజనే పోతుంది. ఇంజను మౌంటింగులనే 35 మి.మీ. జరపండి.

మంచి దారి వైర్‌కట్, అంటే కరెంటు పారే సన్నటి తీగతో లోహాన్ని కోయడం. హైదరాబాద్ బాలానగర్ లాంటి టూల్‌రూమ్‌లున్న చోట ఈ పని దొరుకుతుంది. ముందే గట్టిపరిచిన ఈఎన్24 ముక్కని 25 మి.మీ. మందంతో తిప్పించి, మధ్యలో రంధ్రం వేసి, స్ప్లైన్‌ని వైర్‌కట్‌లో కోయించండి. గట్టిపరిచాక కోస్తున్నాం కాబట్టి తర్వాత వంకర పోయే బాధ లేదు. పాత స్ప్రాకెట్‌ని కొలతకి ఇవ్వండి. స్ప్లైన్ పళ్ళ సంఖ్య, బయటి, లోపలి వ్యాసాలు, పంటి వెడల్పు రాసివ్వండి. 0.03 నుంచి 0.05 మి.మీ. ఖాళీ చెప్పండి.

వెల్డింగే గతి అయితే ఇలా. పాత స్ప్రాకెట్ పళ్ళు గట్టివి, హబ్ సాధారణంగా మెత్తన. ఆకురాయితో గీసి చూస్తే తెలుస్తుంది. పళ్ళని గ్రైండింగ్‌తో తీసి, హబ్‌ని లేత్ మీద గుండ్రం చేసి, కొత్త రింగుని 0.03 మి.మీ. టైటుతో ప్రెస్ చెయ్యండి. 200 నుంచి 250 డిగ్రీలకి ముందుగా వేడిచేసి, 300 నుంచి 350 డిగ్రీల్లో ఆరబెట్టిన 7018 రాడ్డుతో ఎదురెదురుగా చిన్న చిన్న వరసలు వెయ్యండి. వెంటనే పొడి సున్నంలోనో బూడిదలోనో పూడ్చి, రాత్రంతా అలాగే వదిలెయ్యండి. చల్లటి ముక్క మీద మామూలు 6013 రాడ్డుతో వేస్తే పైకి అందంగా కనిపిస్తుంది, కానీ వెల్డింగ్ పక్కనే సన్నటి పగులు పుట్టి ఉంటుంది.

ప్రశ్న: కారు హబ్‌కి స్ప్రాకెట్‌ని నేరుగా బోల్టు చేశాం. 200 కిలోమీటర్లకే రెండో గేరు జారడం మొదలైంది. (ఇంజినీరింగ్ విద్యార్థులు, తిరుపతి)

బైక్ వెనక డ్రమ్ములో ఉండే కుష్ రబ్బర్లని మీరు తీసేశారు. పిస్టన్ ప్రతి పేలుడికీ ఒక కుదుపు, క్లచ్ వదిలిన ప్రతిసారీ ఒక దెబ్బ. వాటిని మింగేది ఆ రబ్బర్లే. అవి లేకపోతే దెబ్బంతా గేర్ల డాగ్ పళ్ళ (గేర్లని ఒకదానికొకటి పట్టించే పక్క పళ్ళు) మీద పడి వాటి మూలలు గుండ్రబడతాయి. బైకు బరువు కన్నా మీ బండి మూడు రెట్లుంది కాబట్టి ఇంకా త్వరగా.

స్ప్రాకెట్‌కీ హబ్‌కీ మధ్య 12 మి.మీ. ప్లేటుతో అడాప్టర్ చేయించండి. 110 మి.మీ. వృత్తం మీద 5 రంధ్రాలు, ఒక్కోదాంట్లో 80 నుంచి 90 షోర్ గట్టిదనమున్న పాలీయురేథేన్ బుష్, బుష్ లోపల స్టీలు స్లీవ్, దాంట్లోంచి 10.9 గ్రేడు ఎం12 బోల్టు. చక్రం దగ్గర 504 న్యూటన్ మీటర్లుంటే ఒక్కో బుష్ మీద 1,830 న్యూటన్లు. స్లీవ్ బుష్ కన్నా 0.3 మి.మీ. పొడుగ్గా ఉండాలి, లేకపోతే బోల్టు బిగించగానే బుష్ నలిగి కదలదు. స్ప్రాకెట్ మధ్యలో నిలవడానికి బుష్‌లని నమ్ముకోకండి. హబ్ మీద గుండ్రటి స్పిగట్ (పొడుచుకొచ్చిన గట్టు) తిప్పించి దాని మీద తిరగనివ్వండి.

హబ్ రంధ్రాల వృత్తం కొలవడం తెలియక తప్పు అడాప్టర్ చేయించినట్టు కూడా రాశారు. 4 రంధ్రాలైతే ఎదురెదురు మధ్యల దూరమే వ్యాసం. 5 అయితే పక్కపక్క మధ్యల దూరాన్ని 1.701తో హెచ్చించండి. 3 అయితే 1.1547తో.

ప్రశ్న: గుంటలో పడితే చైను బిగుసుకుంటోంది, లేస్తే వేలాడుతోంది. టెన్షనర్ పెట్టాలా? (ఔత్సాహికుడు, ఖమ్మం)

టెన్షనర్ రోగాన్ని దాచిపెడుతుంది. స్ప్రాకెట్ కేంద్రమూ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చెయ్యి) తిరిగే కీలూ వేర్వేరు చోట్ల ఉండడమే మూలం. స్వింగ్ ఆర్మ్ 480 మి.మీ., స్ప్రాకెట్ కీలుకి 60 మి.మీ. ముందు ఉందనుకుందాం. ఆర్మ్ వాలు 5 నుంచి 20 డిగ్రీలకి మారితే రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం 3 మి.మీ. మారుతుంది. మూడే కదా అనిపిస్తుంది. కానీ చైను పొడవులో అది 6 మి.మీ., 6 మి.మీ. ఎక్కువైన చైను ఒక పక్క దాదాపు 35 మి.మీ. వేలాడుతుంది.

జాక్ షాఫ్ట్‌ని కీలు కేంద్రంలోనే పెట్టండి. అప్పుడు చక్రం ఎంత లేచినా దూరం మారదు. బేరింగ్ హౌసింగ్ బయటి ముఖాన్ని 75 మి.మీ.కి నునుపుగా తిప్పించి, స్వింగ్ ఆర్మ్‌లో గన్‌మెటల్ బుష్ వేసి దాని మీద ఆడనివ్వండి. ఆర్మ్ బరువు హౌసింగ్ మోస్తుంది, షాఫ్టు మీద పడదు. ఇంజను నుంచి వచ్చే మొదటి చైనుకి ఇంజను మౌంటింగుల్లో పొడుగు రంధ్రాలు పెట్టి బిగువు సర్దుకోవచ్చు.

14, 42 పళ్ళకి 480 మి.మీ. దూరంలో లెక్కకి 89.13 లింకులు వస్తాయి. 90 లింకులు వేసి దూరం 487కి జరపండి. బేసి లింకుల కోసం హాఫ్ లింకు వాడకండి, తెగేది అదే.

ప్రశ్న: రివర్స్ గేరు మేమే తయారుచేసుకోవచ్చా? (ఇంజినీరింగ్ విద్యార్థులు, విశాఖపట్నం)

చేసుకోవచ్చు, కానీ మొదటి బండికి వద్దంటాం. రెండు గేర్లు కలిస్తే దిశ మారుతుంది, మధ్యలో ఐడ్లర్ (మూడో గేరు) పెడితే మళ్ళీ మొదటి దిశ. అంటే ముందుకి మూడు గేర్లు, వెనక్కి రెండు, మధ్యలో జరిగే డాగ్ క్లచ్, వాటన్నిటికీ నూనె కారని పెట్టె. మాడ్యూల్ (పంటి సైజు) 3, 24 పళ్ళ గేరు ఒక్కటి చెయ్యాలన్నా పిచ్ వ్యాసం 72, బయట 78, లోతు 6.75, కట్టర్ నంబరు 5, 20ఎంఎన్‌సీఆర్5 ఉక్కు, కేస్ హార్డెనింగ్, ఆ తర్వాత గ్రైండింగ్. పెట్టెలో కేంద్రాల దూరం 72.05 నుంచి 72.10 మధ్య రావాలి.

మోటారుతో వెనక్కి నడపడం తేలిక. పది శాతం ఎత్తు మీద 480 కిలోల బండిని సెకనుకి ఒక మీటరు వేగంతో లాగడానికి 560 వాట్లు చాలు. 750 వాట్ల మోటారు, 12 వోల్టులైతే 70 ఆంపియర్లదాకా తీసుకుంటుంది కాబట్టి 16 చదరపు మి.మీ. కేబుల్. ఇంజను స్టార్టర్ మోటారు ఈ పనికి కాదు, నిమిషంలో కాలిపోతుంది. మోటారు పళ్ళు జాక్ షాఫ్ట్ నుంచి పూర్తిగా విడిపోయేలా ఉండాలి. 60 కిలోమీటర్ల వేగంలో జాక్ షాఫ్ట్ నిమిషానికి 1,780 చుట్లు తిరుగుతుంది. 10:1 తగ్గింపుతో కలిసి ఉండిపోతే మోటారు 17,800 చుట్లు తిరిగి పేలిపోతుంది. న్యూట్రల్ స్విచ్ నొక్కి ఉంటేనే మోటారుకి కరెంటు వెళ్ళేలా వైరింగ్ చెయ్యండి.

ఇంజనుని తిరగేసి బిగిస్తే వెనక్కి నడుస్తుందిగా అని కొందరు అడిగారు. నడుస్తుంది, కానీ వెనక్కే నడుస్తుంది. చైను దిశ మార్చదు. ఇంజను బైకులో ఎటు చూసి ఉందో ఇక్కడా అటే చూడాలి.

ప్రశ్న: బండి పూర్తయింది. రోడ్డు మీదికి తేవచ్చా? మొదటిసారి నడిపేటప్పుడు ఏం చూడాలి? (ఔత్సాహికుడు, నిజామాబాద్)

రోడ్డు మీదికి తేకూడదు. కేంద్ర మోటారు వాహన నియమాలు 1989లోని 126వ నియమం ప్రకారం నమూనా వాహనాన్ని అధీకృత పరీక్షా సంస్థ పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి. అది లేకుండా రిజిస్ట్రేషన్ ఉండదు. సొంత స్థలంలో, అనుమతి ఉన్న కాలేజీ మైదానంలో నడపండి.

నడిపే ముందు చైనుకీ సీటుకీ మధ్య 3 మి.మీ. స్టీలు ప్లేటు బిగించండి. బైకు మీద చైను కాలి పక్కన ఉంటుంది, ఇక్కడ మీ నడుము వెనక ఉంది. తెగిన చైను కొరడాలా కొడుతుంది, ఫైబరు షీటు దాన్ని ఆపదు.

వెనక చక్రం స్టాండు మీద లేపి, మొదటి గేరులో 20 నిమిషాలు తిప్పండి. బేరింగ్ హౌసింగ్ మీద చెయ్యి నిలపగలగాలి. చైను ఒక చోట బిగుసుకుని ఇంకో చోట వదులవుతుంటే స్ప్రాకెట్ బోరు మధ్యలో లేదని అర్థం. 10 కిలోమీటర్ల తర్వాత బోల్టులన్నీ మళ్ళీ బిగించి, బోల్టు తల నుంచి ప్లేటు మీదికి పెయింటు గీత గీయండి. గీత విడిపోతే ఆ బోల్టు కదిలినట్టు. 100 కిలోమీటర్లకి జాక్ షాఫ్ట్ విప్పి, డై పెనెట్రెంట్ కిట్ తెచ్చి, కీ వే మూలలు, మెట్లు శుభ్రంగా తుడిచి ఎర్ర ద్రవం పూయండి. పావుగంట ఆగి, తుడిచి, తెల్ల డెవలపర్ చల్లండి. తెలుపు మీద ఎర్ర గీత ఊరి కనిపిస్తే, అది వెంట్రుకంత ఉన్నా సరే, ఆ షాఫ్టుని మళ్ళీ ఎక్కించకండి.